దాటినవాళ్ళ లెక్క

ఆ రోడ్డు మీద అందరూ ఆమెని లెక్కలమ్మ అనేవాళ్ళు. అలా అని బళ్ళో లెక్కలు చెప్పే పంతులమ్మ కాదు. రోడ్డు మీద పోయే బళ్ళ లెక్క రాసే మనిషి. ఎక్కడైనా రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, వంతెన వెయ్యాలన్నా, సిగ్నల్ పెట్టాలన్నా రోడ్ల ఆఫీసువాళ్ళు ముందు ఆ దారిన ఎన్ని బళ్ళు పోతున్నాయో అడుగుతారు. ఆ పని ఒక సర్వే కంపెనీకి అప్పగిస్తారు. కంపెనీవాళ్ళు లెక్కలమ్మలాంటి వాళ్ళని తీసుకొచ్చి, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక గొడుగు, ఒక అట్ట ఇచ్చి రోడ్డు పక్కన కూర్చోబెడతారు.

పావుగంటకో కాగితం. కాగితం మీద గడులు. కార్లకొకటి, మోటార్ సైకిళ్ళకొకటి, ఆటోలకి, బస్సులకి, లారీలకి, సైకిళ్ళకి, చివరన కాలినడకన దాటేవాళ్ళకి. నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీత. ఇరవై మూడేళ్ళు ఈ గీతలే గీసింది. వెనక నుంచి వచ్చే లారీ చప్పుడు విని సరుకుందో ఖాళీయో చెప్పేసేది. తోటివాళ్ళు కొందరు టీ కొట్లో కూర్చుని, తల పైకెత్తకుండా గాలి లెక్కలు నింపేసి, సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ళు. లెక్కలమ్మకి అది చేతకాలేదు. బాత్‌రూమ్‌కి పోవలసి వస్తుందని నీళ్ళు కూడా గుక్కెడు గుక్కెడుగానే తాగేది. తప్పనిసరై లేస్తే, ఎవర్నైనా నమ్మకమైనవాళ్ళని కూర్చోబెట్టి, ఆ పావుగంట పక్కన ఆ సంగతి కూడా రాసేది. "నీలాంటిదాన్ని పెట్టుకుంటే ఆఫీసువాళ్ళకి దేవుడు అక్కర్లేదే" అని అక్క వెక్కిరించేది.

అక్క ఆమెకంటే ఆరేళ్ళు పెద్ద. టైలరు. పెళ్ళి చేసుకోలేదు. "కొలతలు కుదర్లేదు" అనేది ఎవరన్నా అడిగితే. లెక్కలమ్మ మొగుడు పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. అక్కాచెల్లెళ్ళిద్దరూ రోడ్డుకి ఇవతల, మూడంతస్తుల మేడలో రెండో అంతస్తు అద్దెకి తీసుకుని ఉండేవాళ్ళు. అక్క కుట్టుషాపు సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి అవతల. వాళ్ళు ఆ ఇంట్లో దిగిన కొత్తలో అది రెండు బళ్ళు పక్కపక్కన పట్టే రోడ్డు. ఇంటి గుమ్మం నుంచి షాపు మెట్టుకి, రెండు పక్కలా ఉన్న మట్టి గట్టుతో కలిపి, నలభై అంగలు. అక్క పొయ్యి మీద కూర పెట్టి, షాపుకెళ్ళి బొత్తాలు తెచ్చుకుని, కూర అడుగంటేలోగా వచ్చేసేది.

తరవాత ఊరు ఆ దారంటే పెరగడం మొదలెట్టింది. ఖాళీ స్థలాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. గోడౌన్లు వచ్చాయి, రెండు కాలేజీలు వచ్చాయి, ఇంజన్ల వాసన వచ్చింది. రోడ్డు నాలుగు వరసలైంది, ఆరైంది. మధ్యలో మోకాలెత్తు డివైడర్ కట్టారు. అక్క అదృష్టం కొద్దీ షాపు ఎదుట డివైడర్‌కి ఒక సందు వదిలారు. బళ్ళు తిరగడానికి వదిలిన సందు అది. మనుషులు కూడా ప్రాణాలు అరచేత పెట్టుకుని అందులోంచే దాటేవాళ్ళు. అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. గట్టున నిలబడి, చీర దుకాణంలో బేరమాడే మనిషిలా, ఎడమకి చూసి, కుడికి చూసి, మళ్ళీ ఎడమకి చూసి, చివరికి "నా వల్ల కాదు" అని ఇంటికొచ్చేసిన రోజులున్నాయి.

అందుకే, ఈసారి సర్వే వాళ్ళ సొంత రోడ్డుకే వచ్చిందని తెలిసినప్పుడు లెక్కలమ్మ సంతోషం ఇంతా అంతా కాదు. పద్నాలుగు కిలోమీటర్ల పొడుగునా బళ్ళు ఎన్ని పోతున్నాయి, ఎక్కడెక్కడ ఆగుతున్నాయి, ఏ సందు దగ్గర ఏం చెయ్యాలి అన్నది తేల్చాలట. సూపర్‌వైజర్ని బతిమాలి ఆ షాపు ఎదుట సందు తనకే వేయించుకుంది.

"అక్కా, ఒక గంటలో వందమంది దాటినట్టు తేలితే చాలు, సిగ్నల్ ఇవ్వచ్చని రూలుంది. నేనే రాస్తా. ఒక్క మనిషి జారిపోడు."

"వందేమిటే, ఈ పేటలో మూడు వేలమంది ఉన్నారు" అంది అక్క. ఆ రోజు షాపులో వచ్చినవాళ్ళందరికీ చెప్పింది, సిగ్నల్ వస్తోందని.

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి లెక్కలమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. కార్ల గడి నిండిపోతోంది, మోటార్ సైకిళ్ళ గడికి చోటు చాలక అంచుల్లో గీయాల్సి వస్తోంది. చివరి గడి మాత్రం తెల్లగా ఉంది. ఎనిమిదింటికి కాలేజీ పిల్లలు ఓ పదిమంది ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరిగెత్తారు. తొమ్మిదింటికి గంటకి పంతొమ్మిది. అదే ఆ రోజుకి ఎక్కువ. సాయంత్రం ఆరింటికి కూడితే నూట పద్దెనిమిది. గంటకి కాదు, పొద్దుటి నుంచీ.

మనుషులు లేక కాదు. వస్తున్నారు. గట్టున నిలబడుతున్నారు. రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు దిక్కులు చూసి వెనక్కి తిరిగి ఆటో ఎక్కేస్తున్నారు, రెండు కిలోమీటర్లు పోయి అక్కడి యూ-టర్న్ తిరిగి అవతలికి చేరడానికి. దాటాలంటే భయం కాబట్టి దాటట్లేదు. దాటట్లేదు కాబట్టి దాటే అవసరం ఉన్నట్టు కాగితంలో కనబడట్లేదు. ఇన్నేళ్ళూ వేలకి వేలు కాగితాలు నింపింది గాని, ఈ మెలిక ఆమెకి ఆ సాయంత్రం దాకా తట్టలేదు.

బయట చెప్పకూడదని తెలిసీ అక్కకి చెప్పేసింది. అక్క సూదిలో దారం ఎక్కించుకుంది.

"ఒక సున్నా చేర్చవే. నీ అట్ట, నీ పెన్సిలు."

"అక్కా!"

"సరే, సరే. నువ్వు గాలి లెక్కలు రాయక్కర్లేదు. మేం నిజం లెక్కే ఇస్తాం."

ఏమంటోందో లెక్కలమ్మకి మర్నాడు తొమ్మిదింటికి అర్థమైంది. షాపు మెట్ల మీద జనం పోగయ్యారు. అక్క, ఆమె దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్ళు, మందుల షాపాయన, ఇవతలి నుంచి పంక్చర్ షాపాయన. మొత్తం పదిహేడు మంది. అందరూ సంచులు పట్టుకుని, ఏదో పని మీద పోతున్నట్టు మొహాలు పెట్టి, సందులోంచి ఇవతలికి వచ్చారు. వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ అవతలికి పోయారు. మళ్ళీ వచ్చారు. బళ్ళు హారన్లు మోగిస్తున్నాయి. పంక్చర్ షాపాయన ఒక చేత్తో టైరు ఎత్తి పట్టుకుని బస్సుల్ని ఆపుతున్నాడు.

"రాయండి లెక్కలమ్మగారూ, రాయండి! సిగ్గుపడకండి!" అని అరుస్తూ ఆమె ముందు నుంచే పోయాడు.

లెక్కలమ్మ గీతలు గీసింది. దాటినమాట నిజం. దాటిన మనిషికి గీత పడాల్సిందే. ఐదోసారి దాటేటప్పుడు అక్క మోకాలు పట్టుకుని డివైడర్ మీద చతికిలబడింది. ఎవరో రెక్క పట్టుకుని లేపారు. లేచి నవ్వుతూ చెల్లెలి వైపు చూసి, వేళ్ళతో ఎంతయిందని సైగ చేసింది. ఆ గంటకి రెండు వందల పన్నెండు.

పదిన్నరకి సూపర్‌వైజర్ బండి మీద వచ్చాడు. కాసేపు నిలబడి చూశాడు. ఎదురుగా స్తంభం మీద కంపెనీవాళ్ళు పెట్టిన కెమెరా వైపు కూడా చూశాడు.

"ఏంటమ్మా ఇది, ఊరేగింపా?"

"రోడ్డు దాటుతున్నాం. దాటడం తప్పా?" అంది అక్క రొప్పుతూ.

సూపర్‌వైజర్ లెక్కలమ్మ వైపు తిరిగాడు. "నువ్వు ఎప్పుడూ అబద్ధం రాయలేదు. అందుకే నిన్నే అడుగుతున్నా. వీళ్ళంతా ఎక్కడికి పోతున్నారు?"

అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని. అందరూ ఆమెనే చూస్తున్నారు. పోనీ నాకేం తెలుసు సార్ అని నీళ్ళు నమిలినా సరిపోయేది. ఆ ముక్క నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇరవై మూడేళ్ళ అలవాటు మనిషికంటే ముందు మాట్లాడుతుంది.

"ఎక్కడికీ పోవట్లేదు సార్" అంది.

పంక్చర్ షాపాయన టైరు కింద పెట్టేశాడు. అక్క సంచి భుజాన వేసుకుని, ఒక్కతే, మెల్లగా, అవతలికి దాటి షాపులోకి పోయింది. దానికి మాత్రం గీత పడలేదు. అప్పటికే సూపర్‌వైజర్ కాగితాలు లాక్కుని ఆ రోజు లెక్క కొట్టేశాడు.

మళ్ళీ లెక్క ఆ తరవాతి వారం పెట్టారు. ఆ రోజు పొద్దుటినుంచీ వాన. దాటినవాళ్ళు డెబ్భై నాలుగు.

ఆ రోజు లెక్కలమ్మ తన జన్మలో చెయ్యని పని ఒకటి చేసింది. కాగితం వెనక్కి తిప్పి, ఎవరూ అడగని లెక్క ఇంకొకటి రాసింది. గట్టుదాకా వచ్చి, నిలబడి, దాటకుండా వెనక్కి పోయినవాళ్ళు. అంత వానలోనూ మూడు వందల తొమ్మిది మంది. ఆ కాగితాలు కవరులో పెట్టుకుని రోడ్ల ఆఫీసుకి పోయింది. నివేదిక రాసే ఇంజనీరు గారు మెత్తని మనిషి. ఆమెని కూర్చోబెట్టి, ప్రతి కాగితం తిప్పి చూశాడు.

"అర్థమైందమ్మా. నిజంగా అర్థమైంది. మా అమ్మ కూడా ఇలాగే నిలబడిపోతుంది రోడ్డు దగ్గర. కానీ ఫారంలో దీనికి గడి లేదు."

"ఒక గడి గీయండి సార్."

"ఫారం నేను గీసింది కాదమ్మా. నా పైఆయన గీసిందీ కాదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నివేదిక చివర ఒక మాట రాస్తాను."

రాశాడు కూడా. కాదనడానికి లేదు. నూట అరవై పేజీల నివేదికలో నూట యాభై ఎనిమిదో పేజీలో, పాదచారుల సౌకర్యాన్ని రెండో దశలో పరిశీలించవచ్చు అని ఉంది. మొదటి దశలో ఏముందంటే, ఆ పద్నాలుగు కిలోమీటర్లలో పదకొండు సందులు మూసేస్తే బళ్ళ వేగం గంటకి ఇరవై ఏడు నుంచి ముప్ఫై నాలుగు కిలోమీటర్లకి పెరుగుతుందని. మూసెయ్యడానికి వీలైనవాటిలో, మనుషులు తక్కువ దాటుతున్న సందు ఒకటి, ఫలానా కుట్టుషాపు ఎదురుగా. ఆ వాక్యం కింద పట్టికలో ఉన్న అంకెలు లెక్కలమ్మ చేత్తో రాసినవి.

మూడు నెలల్లో పని అయిపోయింది. సందు మూసి, డివైడర్ మీద గడ్డం ఎత్తు ఇనుప చువ్వలు నాటారు. రంగు కూడా వేశారు.

అక్క తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "నువ్వు అబద్ధమాడితే మాత్రం వచ్చేదా ఏమిటి, ఆ కెమెరా ఉందిగా" అంది ఒకసారి. ఆ మాట తనని ఓదార్చడానికో, పొడవడానికో లెక్కలమ్మకి తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. షాపుకి పోవాలంటే ఇప్పుడు మెట్లు దిగి, ఆటో పట్టుకుని, యూ-టర్న్ దాకా పోయి, అంతే దూరం వెనక్కి రావాలి. నలభై అంగల దూరానికి నలభై నిమిషాలు. మధ్యాహ్నం భోజనానికి రావడం మానేసింది. రెండు నెలలు చూసి, ఒక ఆదివారం మంచం, మరచెంబు, రెండు గిన్నెలు ఆటోలో వేసుకుని షాపు వెనకగదిలోకి మారిపోయింది.

"దగ్గరేగదే. కనబడుతూనే ఉంటాగా" అంది.

కనబడుతూనే ఉండేది. సాయంత్రాలు లెక్కలమ్మ బాల్కనీలో, అక్క షాపు మెట్టు మీద, ఇద్దరూ చెవికి ఫోన్లు పెట్టుకుని, ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. లారీ హారను కొడితే లెక్కలమ్మకి రెండుసార్లు వినబడేది, ఒక చెవిలో రోడ్డు మీది నుంచి, ఇంకో చెవిలో ఫోనులోంచి. "ఏమన్నావ్?" "ఏమీ లేదే, తిన్నావా అన్నా." "ఆ?" "తిన్నావా!" చిన్నప్పుడూ, మళ్ళీ మొగుడు పోయాక ఇన్నేళ్ళూ ఒక గదిలో పడుకున్న మనుషులు, ఇలా తిన్నావా అని అరుచుకోవాల్సి వచ్చింది.

ఆ ఏడాది చలికాలంలో ఒక రోజు, పొద్దున్న ఏడున్నరైనా షాపు షట్టరు లేవలేదు. అక్క ఆరున్నరకే లేపుతుంది. లెక్కలమ్మ ఫోన్ చేసింది. మోగింది గాని ఎత్తలేదు. మళ్ళీ చేసింది. పదిసార్లు చేసింది. అవతల మందుల షాపు పదింటికి గాని తెరవరు, ఆయన నంబరు ఆమె దగ్గర లేదు. మెట్లు దిగి రోడ్డు అంచుకి పరిగెత్తింది. పంక్చర్ షాపాయన సంగతి వినగానే లుంగీ ఎగ్గట్టి, బళ్ళ మధ్యనుంచి మూడు వరసలూ దాటి డివైడర్ దాకా పోయాడు. చువ్వలు పట్టుకుని ఎక్కబోయాడు. కాలు పెట్టడానికి ఆసరా లేదు. బరువైన మనిషి. రెండుసార్లు జారాడు. అవతల బస్సు మీద బస్సు. నిస్సహాయంగా ఆమె వైపు తిరిగి చేతులు తిప్పాడు. తిరిగి రావడానికి ఇంకో ఐదు నిమిషాలు పట్టింది ఆయనకి.

ఆమె ఆటో ఎక్కింది. యూ-టర్న్ దగ్గర బళ్ళు పేరుకుపోయి ఉన్నాయి. పొద్దున్న ఎనిమిది నుంచి తొమ్మిది దాకా అక్కడ తిరిగే బళ్ళు పంతొమ్మిది వందల నలభై. ఆమెకి తెలుసు, ఆమే లెక్కపెట్టింది. ఎంతసేపు పడుతుందో కూడా తెలుసు. డ్రైవరు "దిగి నడవండమ్మా" అన్నాడు. ఎక్కడికి నడుస్తుంది? పట్టుకున్న ఫోను పట్టుకున్నట్టే, అక్క నంబరు నొక్కుతూ కూర్చుంది.

ఇంటి నుంచి బయల్దేరిన యాభై రెండు నిమిషాలకి షాపు ముందు దిగింది. షట్టరు లోపలి నుంచి వేసి ఉంది. వెనకవైపు తలుపు గడియ ఊడగొట్టడానికి దారిన పోయే ఇద్దరు సాయం పట్టారు. అక్క కుట్టుమిషనుకీ మంచానికీ మధ్య నేల మీద పడి ఉంది. తెల్లారగట్ల ఐదింటికి లేస్తూ కాలు మడతపడి పడిపోయిందట. తుంటి ఎముక విరిగింది. ఫోను మిషను మీద ఉంది.

"మోగుతూనే ఉందే" అంది అక్క. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వేనని తెలుసు. వస్తున్నానే అని కూడా అన్నా. అందలేదు."

"మాట్లాడకక్కా."

"వెర్రిదానా, ఏడవకు. అంబులెన్సుకి చెప్పు."

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి రోడ్డుకి ఇవతల, వాళ్ళ మేడకి నాలుగు ఇళ్ళ అవతల. అంబులెన్సు కూడా ముందుకి పోయి, ఇంకో యూ-టర్న్ తిరిగి రావాల్సిందే. మోత మోగించుకుంటూ బాల్కనీ ఎదురుగా పోతుంటే, లోపల నుంచి లెక్కలమ్మ తన ఇంటి తీగ మీద ఆరేసిన తువ్వాలు చూసింది.

తుంటికి ఆపరేషన్ చేశారు. అక్క బతికింది, కానీ చేతికర్ర లేకుండా లేవలేదు. షాపు ఖాళీ చేసేశారు. మిషను రెండో అంతస్తుకి మోయించుకొచ్చి కిటికీ పక్కన పెట్టారు గాని, కాలితో తొక్కడం అక్క వల్ల కాలేదు. చేత్తో గౌన్ల అంచులు కుట్టి ఇస్తోంది, ఎవరన్నా మెట్లెక్కి తెచ్చిస్తే. పాతవాళ్ళంతా అవతలివాళ్ళు. మొదట్లో ఇద్దరు ముగ్గురు అంత దూరం తిరిగి వచ్చారు. తరవాత వాళ్ళూ రాలేదు, వాళ్ళని మాత్రం ఏమనగలం.

లెక్కలమ్మ రోడ్ల ఆఫీసుకి అర్జీ రాసింది, నాలుగు నెలలకి జవాబు వచ్చింది. సదరు స్థలంలో గత సంవత్సరంలో రోడ్డు దాటుతూ ప్రమాదానికి గురైనవారి సంఖ్య సున్నా అయినందున అభ్యర్థనను పరిశీలించలేమని. ఇంజనీరు గారి దగ్గరికి పోతే ఆయన్ని వేరే ఊరికి బదిలీ చేశారన్నారు. ఆయన కుర్చీలో కొత్తాయన ఆమె చెప్పిందంతా విని, "మీరు బాగా లెక్కపెడతారని విన్నానమ్మా" అన్నాడు.

ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేసి ఏం చెయ్యాలో తోచలేదు. అక్క మందులున్నాయి. కంపెనీవాళ్ళు ఇంకో ఎనిమిది కిలోమీటర్లు ముందుకి, ఇంకా రెండు వరసలే ఉన్న రోడ్డు మీద కూర్చోబెట్టారు. చుట్టూ ఖాళీ స్థలాలు, అక్కడక్కడా పునాదులు. కుర్చీ పక్కన చిన్న కిరాణా కొట్టు. కొట్టు నడిపే ఆమె మొదటిరోజే గ్లాసుతో టీ తెచ్చిచ్చి, అట్టలోకి తొంగి చూసింది.

"ఏం రాస్తున్నారు వదినగారూ?"

"బళ్ళ లెక్కమ్మా. రోడ్డు పెద్దది చేస్తారట."

"అబ్బ, మంచిమాట చెప్పారు. మా ఇల్లు అదిగో, ఆ ఎదురుగా. లైట్లు గట్రా పెడతారా?"

లెక్కలమ్మ ఆ ఇంటి వైపు చూసింది. గుమ్మంలో ఎవరో ముసలాయన కుర్చీ వేసుకుని ఎండ కాగుతున్నాడు. ఏం చెప్పినా ఆ రోడ్డు ఆగదని ఆమెకి తెలుసు.

"నాకు తెలీదమ్మా. మేం లెక్క ఇవ్వడం వరకే" అంది. ఎదురుగా ఒక మోటార్ సైకిలూ, వెనకే రెండు కార్లూ వస్తున్నాయి. టీ పక్కన పెట్టి గీతలు గీసింది.